గాలి వీచే గోల్ఫ్ కోర్సుకు వెళ్లేముందు ఈ ఒక్క షాట్ నేర్చుకో

అమ్మలూ,

సెలవులకి సముద్రపు ఒడ్డునున్న గోల్ఫ్ కోర్సుల్లో ఆడబోతున్నావని తెలిసి చాలా సంతోషమేసింది. ప్రయాణానికి ఇంకా నెల రోజులుందన్నావు కదా. ఈ నెలలో స్వింగ్ మొత్తం మార్చేసుకోవాలని మాత్రం చూడకు. అలా మొదలుపెడితే పాతది పోతుంది, కొత్తది చేతికి రాదు. నా మాట విని ఒక్క షాట్ నేర్చుకుని వెళ్లు. బంతి తక్కువ ఎత్తులో వెళ్లి, నేల మీద పడి, ముందుకు దొర్లే షాట్. నాక్‌డౌన్ అంటారే, అదే.

ఇది ఎందుకింత అవసరమో చెప్తాను. లింక్స్ కోర్సుల్లో, అంటే ఇలా సముద్రపు ఒడ్డునుండే కోర్సుల్లో, గాలిని ఆపే చెట్లు పెద్దగా ఉండవు. నేల ఇసుక నేల, గట్టిగా ఉంటుంది. ఎదురుగాలిలో పైకి లేచిన బంతి ఇంకా పైకి లేచి, అక్కడే ఆగినట్టై, అనుకున్న చోటికి చాలా ముందే పడిపోతుంది. అప్పుడు ఎవరికైనా ఇంకాస్త గట్టిగా కొట్టాలనిపిస్తుంది. అసలు చిక్కు అక్కడే ఉంది. గట్టిగా కొట్టేకొద్దీ బంతికి స్పిన్, అంటే వెనక్కి గిర్రున తిరగడం, పెరుగుతుంది, ఆ స్పిన్నే దాన్ని పైకి లేపుతుంది. కాబట్టి ఎదురుగాలిలో బలం పెంచడం కాదు, తగ్గించాలి. ఈ ఒక్క సంగతి మనసుకి పడితే సగం షాట్ వచ్చేసినట్టే.

బలం తగ్గిస్తే దూరం ఎలా అంటావు. దానికి పెద్ద క్లబ్, అంటే నంబరు తక్కువున్న ఐరన్ తీసుకో. మామూలుగా ఎయిట్ ఐరన్‌తో కొట్టే దూరానికి సెవెన్ గానీ సిక్స్ గానీ తియ్యి. గాలి జోరుగా ఉంటే ఫైవ్ తియ్యడానికీ మొహమాటపడకు. పెద్ద ఐరన్‌కి లాఫ్ట్, అంటే క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణం, తక్కువ. ఇప్పటి సెట్లలో సెవెన్ ఐరన్ లాఫ్ట్ సుమారు 30 డిగ్రీలుంటే, ఫైవ్ ఐరన్‌ది 25కి దగ్గరగా ఉంటుంది. బంతిని కిందగా ఉంచే పని చాలావరకు ఆ లాఫ్టే చేసిపెడుతుంది.

ఇక నిలబడే తీరు. గ్రిప్‌ని ఓ అంగుళం కిందకి పట్టుకో. బంతిని మామూలుగా ఉంచే చోటు నుంచి ఒక బంతి వెడల్పు మాత్రమే వెనక్కి జరుపు. ఇంకా వెనక్కి జరిపితే ఇంకా కిందగా వెళ్తుందని చాలామంది వెనక పాదం దాకా తీసుకెళ్లిపోతారు. అలా చేస్తే క్లబ్ నిటారుగా దిగి నేలని తవ్వుతుంది, షాట్ ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. బరువు సగం కంటే కొంచెం ఎక్కువ ముందు కాలి మీద పెట్టు, స్వింగ్ అయ్యేవరకూ అక్కడే ఉండనివ్వు. చేతులు బంతికి కొద్దిగా ముందుండాలి.

స్వింగ్ వెనక్కి ముప్పావు వంతు చాలు. బంతి తగిలాక చేతులు ఛాతీ ఎత్తుకి వచ్చేసరికి ఆగిపోవాలి. ఈ ఆగడం మీదే నీ ధ్యాసంతా పెట్టు. ఫినిష్ చిన్నదిగా ఉండాలని ముందే అనుకుంటే, వేగం దానంతటదే తగ్గుతుంది, మణికట్లు వంచి బంతిని లేపే అలవాటూ పోతుంది. అయితే బంతి దగ్గరికొచ్చేసరికి స్వింగ్ నీరసించకూడదు. ఛాతీ తిరుగుతూనే ఉండాలి.

ప్రాక్టీస్ సెవెన్ ఐరన్ ఒక్కదానితోనే మొదలుపెట్టు. ముందు చేతులు నడుం ఎత్తు దాటకుండా చిన్న స్వింగులు. అవి శుభ్రంగా తగులుతున్నాకే ముప్పావు స్వింగ్‌కి వెళ్లు. వీలైతే మ్యాట్ మీద కాదు, గడ్డి మీద కొట్టు. మ్యాట్ మీద క్లబ్ బంతికి వెనక తగిలినా జారిపోయి, షాట్ బాగానే వచ్చినట్టుంటుంది. గడ్డి అలా దాచదు. గాలి వీచే రోజున ప్రాక్టీస్ రేంజ్‌కి వెళ్లడం మాత్రం మానకు, నీకు కావలసింది ఆ రోజే. ఒక మామూలు షాట్, ఒక నాక్‌డౌన్, మార్చి మార్చి కొట్టు. కోర్సులో ఒకే షాట్ వరసగా ఇరవై సార్లు కొట్టే అవకాశం ఎవరికీ రాదు కదా.

టైగర్ వుడ్స్ 2006లో రాయల్ లివర్‌పూల్‌లో బ్రిటిష్ ఓపెన్ గెలిచినప్పుడు నాలుగు రౌండ్లలో కలిపి డ్రైవర్, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్, తీసింది ఒక్కసారే. ఆ వేసవిలో నేల ఎండి గట్టిపడింది. టీ మీద నుంచి, అంటే ప్రతి హోల్ మొదటి షాట్, ఎక్కువగా ఐరన్లతోనే కొట్టి, బంతిని దొర్లనిచ్చి, బంకర్ల (ఇసుక గుంటల) జోలికి పోకుండా ఆడాడు. అంతటి బలమున్నవాడు ఆ బలాన్ని దాచుకుని గెలిచాడన్నది నాకు ఎంతో నచ్చే విషయం.

ఈ షాట్ అన్నిచోట్లా పనికిరాదు. గ్రీన్ (హోల్ ఉండే నున్నటి గడ్డి) ముందు బంకర్ ఉంటే, లేదా మధ్యలో పొడుగు గడ్డి ఉంటే, దొర్లే బంతికి దారి ఉండదు. అక్కడ పైకే కొట్టాలి. గాలి వెనక నుంచి వీస్తుంటే ఇది ఎక్కడ ఆగుతుందో చెప్పడం కష్టం. పక్కగాలిలో మాత్రం బాగా ఆదుకుంటుంది. చెట్ల కింద ఇరుక్కున్నప్పుడు బయటపడడానికీ ఇదే.

బయల్దేరేలోపు సెవెన్, సిక్స్, ఫైవ్ ఐరన్లతో నీ నాక్‌డౌన్ గాలిలో ఎంత దూరం వెళ్తోందో కొలిచి ఫోన్‌లో రాసుకో. దొర్లే దూరం ఇక్కడ కొలిచినా లాభం లేదు, అది అక్కడి నేలని బట్టి ఉంటుంది. మొదటి రోజు కాస్త పెందలాడే కోర్సుకి చేరుకుని, ప్రాక్టీస్ గ్రీన్ పక్కన కొన్ని బంతులు కిందగా కొట్టి చూడు. ఎంత దొర్లుతున్నాయో తెలిశాక, గ్రీన్‌కి ఎంత ముందు బంతిని పడెయ్యాలో నీకే అర్థమవుతుంది.

ప్రేమతో,
మామయ్య