కలుపు మందు కొట్టినా ఆ సోయా ఎందుకు మాడదు?

ప్రశ్న: ఒక వీడియోలో సోయాచిక్కుడు పొలమంతా గ్లైఫోసేట్ పిచికారీ చేశారు. కొద్ది రోజులకు కలుపంతా మాడిపోయింది, సోయా మాత్రం పచ్చగానే ఉంది. ఆ మొక్కకు మందు ఎందుకు పట్టదు? నా సోయా మీద కూడా అదే మందు కొట్టవచ్చా? మందు గింజల్లోకి దిగుతుందా?

జవాబు: ముందు మీ రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను. మీది మామూలు సోయా అయితే దాని మీద గ్లైఫోసేట్ కొట్టకండి. కలుపుతో పాటు పంట కూడా పోతుంది. మీరు వీడియోలో చూసింది జన్యుమార్పిడి చేసిన సోయా. అలాంటి విత్తనానికి ప్రభుత్వ అనుమతి ఉన్న దేశాల్లోనే దాన్ని సాగు చేస్తారు. చూపుకు రెండు మొక్కలూ ఒకేలా ఉంటాయి, తేడా అంతా లోపలే.

మొక్క ఎదగడానికి ప్రొటీన్లు కావాలి, ప్రొటీన్లకు అమైనో ఆమ్లాలు కావాలి. వాటిలో ఫినైల్ అలనిన్, టైరోసిన్, ట్రిప్టోఫాన్ అనే మూడింటి తయారీలో ఈపీఎస్‌పీఎస్ అనే ఎంజైమ్ తప్పనిసరి. ఆ ఎంజైమ్‌లో ఒక చిన్న గాడి ఉంటుంది. పీఈపీ అనే పదార్థం అందులో చేరితేనే పని జరుగుతుంది. గ్లైఫోసేట్ వెళ్లి పీఈపీ చేరాల్సిన ఆ చోటులోనే కూర్చుంటుంది. దాంతో తయారీ ఆగిపోతుంది. ఆకు మీద పడిన మందు చిగుళ్లకూ వేర్లకూ పాకుతుంది కాబట్టి మొదట లేత ఆకులు పసుపెక్కుతాయి. మొక్క పూర్తిగా చావడానికి వారం, రెండు వారాలు పడుతుంది.

గ్లైఫోసేట్‌ను తయారుచేసే ఒక ఫ్యాక్టరీ వ్యర్థాల్లో సీపీ4 రకం ఆగ్రోబాక్టీరియం అనే సూక్ష్మజీవి బతికే ఉండటం శాస్త్రవేత్తలు గమనించారు. దానిలోనూ ఇదే ఎంజైమ్ ఉంది. కానీ మొక్కల ఎంజైమ్‌లో గ్లైసిన్ ఉండే ఒక కీలకమైన చోట దీనిలో అలనిన్ ఉంది. అలనిన్ కాస్త పెద్దది. ఆ కాస్త తేడాకే గాడి ఇరుకై గ్లైఫోసేట్ సరిగా ఇమడదు, పీఈపీకి మాత్రం చోటు సరిపోతుంది. ఈ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువును సోయాలో చేర్చారు. తయారైన ఎంజైమ్ హరితరేణువుల్లోకి చేరితేనే ఉపయోగం కాబట్టి, దాన్ని అక్కడికి పంపే చిన్న భాగాన్ని పెటూనియా పూల మొక్క నుంచి తీసుకుని జోడించారు. ఇప్పుడు మందు పడితే సోయా సొంత ఎంజైమ్ ఆగిపోతుంది. సూక్ష్మజీవి నుంచి వచ్చిన ఎంజైమ్ మాత్రం పని సాగిస్తూనే ఉంటుంది. ఈ విత్తనం అమెరికాలో 1996లో రైతుల చేతికి వచ్చింది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. ఈ సోయా గ్లైఫోసేట్‌ను చెప్పుకోదగ్గంతగా విరగ్గొట్టదు, దాని దెబ్బ తగలకుండా ఉంటుందంతే. మామూలు సోయాలో వాడే ఇమాజెథాపైర్ అనే కలుపు మందు సంగతి వేరు. ఆ మందును సోయా తనంతట తానే త్వరగా విరగ్గొట్టుకుంటుంది, కలుపు ఆ పని చేయలేక చస్తుంది.

మీ మూడో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. విరగని మందు మొక్కలో తిరుగుతూ గింజలకూ కొంత చేరుతుంది. అందుకే ఎండు సోయా గింజల్లో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదని అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పరిమితి పెట్టింది. మనుషుల్లో, పశువుల్లో ఈపీఎస్‌పీఎస్ ఎంజైమ్ లేదు. అలాగని మందును తేలిగ్గా తీసుకోకండి. పిచికారీ చేసేటప్పుడు చేతి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

మిమ్మల్ని ఆకట్టుకున్న ఆ వీడియోలో కనిపించని సంగతి ఇంకొకటి ఉంది. నాకు అసలు ఆందోళన దాని గురించే. అమెరికాలోని డెలావేర్‌లో ఈ సోయా వేసి, కలుపుకు గ్లైఫోసేట్ ఒక్కటే కొట్టిన పొలాల్లో మూడేళ్లకే ఆ మందుకు లొంగని హార్స్‌వీడ్ అనే కలుపు బయటపడింది. తర్వాత పామర్ అమరాంత్ అనే తోటకూర జాతి కలుపు మరో దారి పట్టింది. దాని ఎంజైమ్ ఆకారం మారలేదు. కానీ ఆ ఎంజైమ్‌ను తయారుచేసే జన్యువు నకళ్లు కొన్ని మొక్కల్లో 160 రెట్లకు పైగా పెరిగాయి. మందు కొంత ఎంజైమ్‌ను ఆపినా, పని చేసే ఎంజైమ్ ఇంకా మిగులుతుంది. ఆ తర్వాత డైకాంబా, 2,4-డీ అనే వేరే కలుపు మందులను తట్టుకునే సోయా రకాలూ వచ్చాయి. కానీ ఏ మందైనా ఒక్కదాన్నే పదేపదే కొడితే కథ మళ్లీ మొదటికే వస్తుంది.

మీ పొలం వరకు ఇలా చేయండి. విత్తిన వెంటనే, మొలక రాకముందే పెండిమెథాలిన్ అనే కలుపు మందు కొట్టండి. తర్వాత కలుపు రెండు మూడు ఆకుల మీద ఉండగా ఇమాజెథాపైర్ వాడండి. రెండింటికీ లేబుల్ మీద ఉన్న మోతాదే పాటించండి. మిగిలిన కలుపును అంతరకృషితోనో, చేత్తోనో విత్తనం పట్టకముందే తీసేయండి. గ్లైఫోసేట్ కొట్టిన స్ప్రేయర్‌ను ట్యాంకు, పైపు, నాజిల్ అన్నీ రెండు మూడు సార్లు కడిగాకే సోయాలోకి తీసుకెళ్లండి. పక్క పొలంలో గ్లైఫోసేట్ కొడుతున్న రోజు గాలి మీ వైపు వీస్తుంటే, గాలి తగ్గేదాకా ఆపమని వాళ్లను అడగండి.