పెన్ను చప్పుడు

నాన్నా,

ఆఫీసులో నిన్ను ‘పొగరుబోతు’ అనుకుంటున్నారని తెలిసి నీకు రెండు రోజులుగా అన్నం సహించట్లేదని మీ అమ్మ చెప్పింది. నలుగురిలో నోరు విప్పాలంటేనే చెమటలు పట్టే నీకు పొగరేమిటని ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ల తప్పూ లేదనిపించింది. నీకు తెలిసింది నీ లోపలి బెరుకు. వాళ్లకు కనబడేది పలకరించినా ఫోన్‌లోంచి తలెత్తని మనిషి.

నా సంగతి విను. ఎవరేం చెప్పినా ఓపిగ్గా వింటానని నా మీద నాకు గొప్ప నమ్మకం. ఉద్యోగంలో చేరిన పదిహేనేళ్లకు, నా కింద పనిచేసే అమ్మాయి భయపడుతూనే చెప్పింది: “మేడమ్, మేం మాట్లాడుతుంటే మీరు పెన్ను టిక్కుటిక్కుమని నొక్కుతుంటారు. త్వరగా ముగించమన్నట్టు ఉంటుంది.” నేను ఒప్పుకోలేదు. మర్నాడు మీటింగులో చూసుకుంటే నా బొటనవేలు పెన్ను మీదే ఉంది!

1955లో జోసెఫ్ లఫ్ట్, హారింగ్టన్ ఇంగమ్ అనే ఇద్దరు సైకాలజిస్టులు దీనికో నాలుగు గడుల కిటికీ గీశారు. జో, హ్యారీ పేర్లు కలిపి ‘జోహారీ’ అన్నారు (మన జోహార్లతో సంబంధం లేదులే). మన గురించి మనతో సహా అందరికీ తెలిసింది ఒక గడి, ఎదుటివాళ్లకే తెలిసింది ఒకటి, మనం దాచుకున్నది ఒకటి, ఎవరికీ తెలియనిది ఒకటి. నా పెన్ను రెండో గడిలోది. నీ బెరుకు మూడో గడిలో ఉండిపోయింది, గొడవంతా అక్కడే.

నువ్వూ చేసి చూడు. ముందు నీ గురించి ఐదు మాటలు కాగితం మీద రాసిపెట్టుకో. వాళ్లు చెప్పాక రాస్తే ‘ఇది నాకు ముందే తెలుసు’ అనిపిస్తుంది. తర్వాత ముగ్గుర్ని అడుగు. “నేనెలాంటివాణ్ణి?” అని మాత్రం అడగకు, మొహమాటానికి మంచివాడివనేస్తారు. “పోయిన వారం నేను చేసినదాంట్లో నీకు ఇబ్బందిగా అనిపించింది ఏమైనా ఉందా?” అని అడుగు. చెబుతుంటే మధ్యలో “అది కాదు, అసలేం జరిగిందంటే” అని అందుకోకు. ఆ అమ్మాయితో నేను చేసింది అదే. మళ్లీ తను నాకేమీ చెప్పలేదు.

అలాగని వాళ్లు చెప్పిందల్లా వేదమూ కాదు. సిమిన్ వజీర్ అనే సైకాలజిస్టు 2010లో అచ్చేసిన పరిశోధనలో, ఆందోళన లాంటి లోపలి గుణాలను మనమే బాగా అంచనా వేస్తామనీ, తెలివితేటల్లాంటి వాటిలో స్నేహితుల అంచనాయే మేలనీ తేలింది. కాబట్టి బెరుకు విషయంలో నీ మాటే నమ్ము. పలకరించినప్పుడు నీ ముఖం ఎలా ఉంటుందో మాత్రం వాళ్లనే అడుగు.

రేపు లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే ఫోన్ జేబులో పెట్టి, “కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు కాస్త బెరుకండీ” అని చెప్పి చూడు. ఏమన్నారో రాయి. నేను మాత్రం ఆ అలవాటు మానలేక, నొక్కుడు లేని మూత పెన్ను కొనుక్కున్నాను.

మీ పెద్దమ్మ