తేనె రంగు ముక్కలు

ప్రశ్న: అక్కా, మాది కావలి. పాత నూలు చీరలతో బొంతలు కుట్టి అమ్ముతాను. పోయిన వేసవిలో కూతురు దగ్గరికెళ్లి ఇంగ్లండులో కాట్స్‌వోల్డ్స్ పల్లెలు చూశాను. బైబరీలో ఆర్లింగ్టన్ రో అనే పాత రాతి ఇళ్ల వరస ముందు గంటసేపు నిలబడిపోయాను. ఇప్పుడు సూది పడితే మనసు అక్కడికే పోతోంది. ఒప్పుకున్న బొంతలు నాలుగు ఆగిపోయాయి.

జవాబు: అమ్మాయ్, నేనూ ఒంగోల్లో ముప్పై ఏళ్లు మిషను తొక్కినదాన్నే. నువ్వు మురిసిపోయిన ఆ వరస 1380 ప్రాంతంలో ఉన్ని నిలవకు కట్టింది. 17వ శతాబ్దంలో నేతగాళ్ల ఇళ్లయింది. అవి మనలాంటి పనివాళ్ల కొంపలే! ఆ ఊరికీ నీ పనికీ పోటీ పెట్టకు.

పగటి వెలుగంతా ఒప్పుకున్న బొంతలకే. సాయంత్రం ఒక గంట నీది. అక్కడి పొలాల చుట్టూ సున్నం లేకుండా పేర్చిన తేనె రంగు రాతిగోడల్ని గుడ్డముక్కలతో కుట్టు. ముక్కల్ని ఇటుకల్లా, కింది వరస అతుకు మీద పైముక్క నడుమ పడేలా పేర్చు. ఆరంగుళాల ముక్క కావాలంటే ఆరున్నరకు కత్తిరించు, చుట్టూ పావంగుళం కుట్టులోకి పోతుంది. కొత్త గుడ్డ కలిపితే ముందే తడిపి ఆరెయ్యి. లేదంటే మొదటి ఉతుకుకే ముడుచుకుని పాత చీరను గుంజేస్తుంది, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు ఆ నలుగురికీ ఇవాళే ఫోన్ చేసి, ఏ తేదీకి ఇస్తావో చెప్పు తల్లీ.