జంతికని గొర్రెపిల్ల అన్నారని ఏడ్చిన మా అమ్మడికి

బరంపురం,
ఆదివారం మధ్యాహ్నం

అమ్మడూ,

నిన్న రాత్రి ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే వెనకాల నీ పూడిల్ కుక్కపిల్ల జంతిక మొరుగుతోంది, దాని మీద మీ అమ్మ అరుస్తోంది. నాకు సగమే వినపడింది. ఆ సగంలో అర్థమైంది ఇదీ. మజ్జిగౌరమ్మ గుడి దారిలో ఒక ముసలావిడ జంతికని చూసి "మొక్కుబడికా తల్లీ? గొర్రెపిల్ల బాగుంది, ఎంత పడింది?" అంది. మందుల షాపు కుర్రాడు పమేరియన్ అన్నాడు. మీ నాన్న స్నేహితుడొకాయన ఇంటికే వచ్చి, "పూడిల్ అంటే తోక చివర బంతి ఉంటుందమ్మా, మీకు ఏదో కలగలుపు కుక్కని అంటగట్టారు" అని తేల్చేసి, టీ తాగి వెళ్ళిపోయాడు. ఇక జంతికని మేడ మీదే తిప్పుతానంటున్నావు.

మేడ మీద తిప్పకు. ఎనిమిది నెలల పూడిల్‌కి నాలుగు గోడలు చూపిస్తే అది నీ చెప్పులు, మీ నాన్న కళ్ళజోడు, కనపడిందల్లా కొరుకుతుంది. నిన్న రాత్రి మొరుగుడు కూడా అందుకే అయ్యుంటుంది. కుక్కల తెలివికి వరస కట్టిన స్టాన్లీ కోరెన్ అనే ఆయన 1994లో పూడిల్‌ని రెండో స్థానంలో పెట్టాడు. మొదటిది బోర్డర్ కోలీ. అంత తెలివున్నదానికి పని లేకపోతే అదే పని కల్పించుకుంటుంది. ఆ పని మనకి నచ్చదు.

నీకు తెలుసుగా, నేను నా పూడిల్ 'నువ్వుండ'తో పదమూడేళ్ళు ఈ ఊరి వీధుల్లో తిరిగాను. నల్లగా, ఉండచుట్టినట్టు ఉండేదని మీ పెదనాన్న ఆ పేరు పెట్టారు. దాన్ని జనం పిలవని జంతువు పేరు లేదు. గొర్రె, మేక, ఎలుగుబంటి పిల్ల, లాసా, షిట్జూ, చివరికి కోతి కూడా. మొదటి రెండేళ్ళు నేను ప్రతి ఒక్కరితో వాదించేదాన్ని. కుక్కల జాతిని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఇచ్చిన సర్టిఫికెట్‌కి జిరాక్స్ తీయించి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకు తిరిగేదాన్ని కూడా. ఒకసారి పూలమ్మే ఆవిడ "పమేరియన్ భలే ఉందమ్మా" అంటే ఆ కాగితం తీసి చూపించాను. ఆవిడ చదివినట్టే కాసేపు చూసి, "సరే అమ్మా, మూర కనకాంబరాలు ఇవ్వనా, రెండు మూరలా?" అంది. ఆ రోజు ఇంటికొచ్చి జిరాక్స్‌ని బీరువాలో పెట్టేశాను.

వాళ్ళు ఎందుకలా అంటారో చూడు. మన ఊళ్ళలో ఎవరైనా కుక్కని గుర్తుపట్టేది తమకి తెలిసిన కుక్కలతో పోల్చుకునే. నా పెళ్ళయిన కొత్తలో ఇళ్ళల్లో పెంచే బొచ్చుకుక్క అంటే తెల్లటి స్పిట్జ్. దాన్ని అందరూ పమేరియన్ అనేవాళ్ళు, ఇప్పటికీ అంటున్నారు. కాబట్టి బొచ్చున్న చిన్న కుక్క ఏదైనా పమేరియన్ అయి కూర్చుంది. పగ్ అంటే ఎవరికీ తెలీదు, 2003లో హచ్ ఫోన్ ప్రకటన వచ్చాక చంటిపిల్లలు కూడా "హచ్ కుక్క" అనేశారు. పూడిల్‌కి అలాంటి ప్రకటన పడలేదు. కార్టూన్లలో మాత్రం కనిపిస్తుంది, తోకకీ కాళ్ళకీ బంతులతో. మీ నాన్న స్నేహితుడు చూసింది ఆ పూడిల్‌ని. ఆయన్ని తప్పు పట్టను. టీ తాగి మరీ అనడం మాత్రం బాగోలేదు.

ఆ బంతుల సంగతి నీకు తెలిస్తే సగం బాధ పోతుంది. పూడిల్ అసలు నీళ్ళలో పనిచేసే వేటకుక్క. వేటగాడు కాల్చిన బాతు చెరువులో పడితే ఈదుకెళ్ళి తెచ్చేది. జర్మన్ భాషలో నీళ్ళలో తపతపలాడడాన్ని 'పుడెల్న్' అంటారు, పూడిల్ పేరు అందులోంచే వచ్చింది. ఫ్రాన్సు వాళ్ళు తమ కుక్కగా చెప్పుకుంటారు, వాళ్ళు పిలిచే 'కనీష్' అన్న పేరులోనూ బాతు ఉంది. ఒంటి నిండా బొచ్చుంటే తడిసి బరువెక్కి ఈదలేదని వెనక భాగం గొరిగేసేవాళ్ళు. ఛాతీకీ కీళ్ళకీ చలి తగలకుండా అక్కడక్కడా వదిలేసేవాళ్ళు. ఆ వదిలేసినవే తర్వాత షోకు అయ్యాయి. అంటే బంతులు క్షవరంలో ఉన్నాయి తప్ప పుట్టుకలో లేవు. గుండు కొట్టించుకున్నాక మీ పెదనాన్నని ఎవరూ వేరే మనిషి అనలేదు కదా!

జంతిక పూడిలేనా అని నీకే ఎక్కడో అనుమానం తగిలినట్టు నాకు అనిపించింది. నిన్న నీ గొంతులో ఏడుపు కంటే అదే ఎక్కువ వినపడింది. సరే, దగ్గర కూర్చోబెట్టుకుని చూడు. మూతి పొడుగ్గా, తిన్నగా ఉండాలి. షిట్జూలా నొక్కుకుపోయి ఉండదు. కళ్ళు గుండ్రంగా కాక బాదంగింజలా ఉంటాయి. చెవులు బుగ్గలకి అంటిపెట్టుకుని వేలాడతాయి. పమేరియన్‌కి చెవులు నిక్కి ఉంటాయి, తోక వీపు మీదికి వాలి ఉంటుంది. పక్కనుంచి చూస్తే ఒంటి పొడవూ ఎత్తూ దాదాపు ఒకటే. వేళ్ళు పెట్టి బొచ్చు విడదీస్తే లోపల మెత్తటి రెండో పొర ఉండదు. టేపు పెట్టి భుజం దగ్గర కొలిచావా? తల దగ్గర కాదు, భుజం దగ్గర. యూరప్ కొలతల్లో 24 నుంచి 28 సెంటీమీటర్లు టాయ్, 35 దాకా మినియేచర్, 45 దాకా మీడియం, 60 దాకా స్టాండర్డ్. నువ్వు పంపిన ఫోటోల్లో ఇవన్నీ నాకు కనపడ్డాయి, ఒక్క కొలత తప్ప. ఇంకోటి, జంతిక నారింజ రంగు పోయి పాలకోవా రంగులోకి మారిపోతోందని ఎవరైనా అంటే కంగారు పడకు. ఆ నారింజ ఛాయ వయసుతో వెలిసిపోవడం పూడిళ్ళలో మామూలే. నువ్వుండ కూడా ఆరేళ్ళకి బూడిద రంగు నువ్వుండ అయింది.

ఇప్పుడు అసలు చేయాల్సిన పని. జంతిక మొహం, పాదాలు, తోక మొదలు గొరిగించు. పూడిల్ పెంచేవాళ్ళు మొదట నేర్చుకునేది ఇదే. మొహం మీద బొచ్చుంటే అన్ని ఉంగరాల కుక్కలూ ఒకేలా ఉంటాయి, మూతి బయటపడితే ఆ పొడుగు తెలుస్తుంది. నువ్వుండకి ఇది మొదలుపెట్టాక గొర్రె అనేవాళ్ళు సగానికి సగం తగ్గారు. మిగతా సగం ఎప్పటికీ తగ్గలేదనుకో. మిషన్ చప్పుడుకి భయపడకుండా ముందు వారం రోజులు ఊరికే ఆన్ చేసి పక్కన పెట్టి, బిస్కెట్ ముక్క పెడుతూ ఉండు.

బొచ్చు విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకు. మొదటి చలికాలం చిక్కు తీయకుండా నువ్వుండకి స్నానం చేయించాను. పూడిల్ బొచ్చు పెరుగుతూనే ఉంటుంది, ఊడినదీ కింద పడకుండా ఉంగరాల్లోనే చిక్కుకుంటుంది. నీళ్ళు పడగానే అది కంబళిలా బిగుసుకుపోయింది. కత్తెర చర్మం దగ్గరికి దూరలేదు. ఇక మొత్తం గొరిగించాల్సి వచ్చింది. రెండు నెలలు ఊరంతా "మేకపిల్ల, మేకపిల్ల" అంటుంటే తలదించుకు తిరిగాను. ఆ సారి జనం తప్పు ఏమీ లేదు, అది అచ్చం మేకపిల్లలాగే ఉంది. ముందు దువ్వెన, తర్వాత స్నానం. పైపైన దువ్వితే లాభం లేదు, మొదళ్ళ దాకా పోవాలి. చంకలు, చెవుల వెనక ముఖ్యం. చెవుల లోపల వారానికోసారి చూడు. మన తేమకి అక్కడ వాసన మొదలైతే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి.

ఇక వీధిలో జనం. మన రోడ్ల మీద ఎవరైనా "ఇదేం కుక్క?" అంటే పదిలో ఎనిమిది సార్లు వాళ్ళకి జాతి అక్కర్లేదు. కరుస్తుందా అని అడగలేక అది అడుగుతారు. పిచ్చికుక్క కాటు భయం మనవాళ్ళకి ఊరికే రాలేదు. అందుకని నువ్వు ముందు దానికే జవాబు చెప్పు. ఒడియాలో అడిగితే ఒడియాలోనే. "కాముడిబొ నాయిఁ", అంటే కరవదు, టీకా వేయించాం అని, తాడు దగ్గరికి లాగి పట్టుకో. వాళ్ళ భుజాలు దిగుతాయి చూడు. అప్పుడు పేరు చెప్తే వింటారు, చెప్పకపోయినా పర్లేదు. మొక్కుబడి అన్న ముసలావిడకి అయితే నువ్వు నవ్వేసి "కుక్కే మామ్మా, బొచ్చు ఎక్కువ" అంటే సరిపోయేది. ఆవిడ కళ్ళు ఎంత కనపడతాయో!

ధర అడిగితే చెప్పకు. "తెలిసినవాళ్ళు ఇచ్చారు" అను. కుక్కల్ని ఎత్తుకుపోయేవాళ్ళు కూడా మనుషుల్లా నవ్వుతూనే అడుగుతారు.

బెంగళూరు నుంచి వచ్చిన మీ అన్నయ్య "లాబ్రడూడులా?" అన్నాడని కూడా చెప్పావు. వాడికి కొంచెం ఓపిగ్గా చెప్పు, పూడిల్‌కీ లాబ్రడార్‌కీ పుట్టిన దాన్ని అలా అంటారని. 1980ల చివర్లో ఆస్ట్రేలియాలో వాలీ కాన్రన్ అనే ఆయన, చూపులేని ఒకావిడకి దారి చూపే కుక్క కావాలని, ఆవిడ భర్తకి కుక్క బొచ్చు పడదని, ఆ జత కట్టించాడు. తర్వాత జనం ఎగబడి ఏది పడితే అది కలిపేస్తుంటే ఎందుకు చేశానా అని ఆయనే బాధపడ్డాడు. పూడిల్ నకలుని చూసినవాళ్ళు ఇప్పుడు అసలుని చూసి నకలు అంటున్నారు. నాకు దీనికి మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సరిదిద్ది తీరాల్సిన చోట్లు మూడున్నాయి. పశువుల డాక్టర్ కార్డు మీద ఏం రాశాడో అక్కడే నిలబడి చదువు. నేను చదవలేదు. నువ్వుండ కార్డు మీద 'పమేరియన్' అని నాలుగేళ్ళు ఉండిపోయింది. రైల్లో తీసుకెళ్ళడానికి జాతి, రంగు రాసిన సర్టిఫికెట్ అడిగితే అందులో పూడిల్, కార్డులో పమేరియన్. "ఇవి రెండు కుక్కలు కదమ్మా, ఒకటే ఉందేం?" అన్నాడు గుమాస్తా. రైలు కదిలేదాకా బతిమాలాను. రెండోది, బొచ్చు కత్తిరించేవాడు, పమేరియన్ అనుకుని కత్తిరించేయకూడదు. మూడోది, "మా దగ్గర మగ పమేరియన్ ఉంది, జత కలుపుదాం" అనేవాడు. అతనికి మొహమాటం లేకుండా కుదరదని చెప్పు. సంజాయిషీ వద్దు.

పిల్లలు ఏమన్నా అననీ. ఠాకురాణి యాత్రప్పుడు జనం పులివేషాలూ అవీ ఇవీ కట్టి తిరుగుతుంటారు కదా, ఓ ఏడు ఒక బుడతడు నువ్వుండ తోకా కాళ్ళూ చూసి, "దీనికి వేషం ఎవరు కట్టారు?" అన్నాడు. ఇంటికొచ్చి మీ పెదనాన్నకి చెప్తే ఆయన అన్నం తినకుండా నవ్వారు.

మనల్నే సరిగ్గా చెప్పలేరు జనం, అమ్మడూ. విజయనగరం పెళ్ళికి వెళ్తే "ఒడిశా పెద్దమ్మ వచ్చింది" అంటారు. భువనేశ్వర్‌లో నోరు తెరిస్తే "తెలుగువాళ్ళా?" అంటారు. 1936కి ముందు బరంపురం, మీ రాయగడ రెండూ మద్రాసు రాష్ట్రంలోనే ఉండేవి. మా తాతగారు ఇల్లు మారలేదు, రాష్ట్రమే మారింది. నేను ఇద్దరికీ అవునంటాను.

నువ్వుండని సరిగ్గా పోల్చినవాడు ఒక్కడే. గోపాల్‌పూర్‌లో ఓ సాయంత్రం అది నా చేతిలో తాడు జారగొట్టి, అలలు లేని చోట నీళ్ళలోకి దూకేసింది. తల పైకెత్తి ఈదుకుంటూ వెళ్ళి, కొట్టుకుపోతున్న కొబ్బరి డొక్క నోట కరుచుకుని వచ్చింది. వల బాగుచేసుకుంటున్న మన తెలుగు మత్స్యకారుడొకాయన చేతిలో పని ఆపి, "అమ్మా, ఇది నీరుకుక్కమ్మా!" అన్నాడు. నీరుకుక్క అంటే చేపలు తినే ఆ జంతువు, వేరేది. నేను సరిదిద్దడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాను. ఆయనకి కొబ్బరినీళ్ళు ఇప్పించాను.

నువ్వుండ స్టీలు దువ్వెన పంపుతున్నాను. పొద్దున రాయగడ బస్సు కండక్టర్‌కి ఇస్తాను, నంబరు ఫోన్లో చెప్తాను. దిగే వేళకి స్టాండుకి వెళ్ళి తీసుకో. జంతికని వెంట తీసుకెళ్ళకు, అక్కడ టీ కొట్టు దగ్గరున్న వాళ్ళందరికీ జవాబు చెప్పేసరికి బస్సు డిపోకి వెళ్ళిపోతుంది.

ఉంటాను,
పెద్దమ్మ