లెక్కల మాస్టారు కృష్ణుడి వేషం కడితే

"హైస్కూలు టీచర్ల సొంత హాబీలకీ, వాళ్ళు పాఠం చెప్పే తీరుకీ ఏమైనా సంబంధం ఉంటుందా? మీ అనుభవం చెప్పండి" అని అడిగారు. ఉంటుంది. ఏ హాబీ లేని టీచరు దగ్గర మా పిల్లల్ని చదివించడానికి అసలు నేను ఒప్పుకోను. మా ఆవిడ ఈ మాట వింటే "ఫీజు కట్టే రోజున చెప్పండి ఈ కబుర్లు" అంటుంది, అది వేరే సంగతి.

హాబీ అంటే చిట్టీలు, ప్లాట్లు, ఇన్సూరెన్సు పాలసీలు కావు. మా హైస్కూల్లో ఇద్దరు ముగ్గురికి అవే హాబీలు. స్టాఫ్ రూం పక్కనుంచి వెళ్తే గజాలు, సెంట్లు, రిజిస్ట్రేషన్ ఖర్చులు వినిపించేవి. సోషల్ సారు స్టాంపులు పోగేసేవారు గానీ ఆ ఆల్బం దూరం నుంచి చూడాల్సిందే, చెయ్యి వేస్తే వీపు విమానం మోతే. నేను చెప్పబోయేది లెక్కల మాస్టారి గురించి.

మాది తెనాలి పక్క ఊరు. ఆ చుట్టుపక్కల తొంభైల్లో కూడా తిరునాళ్ళకీ, శ్రీరామనవమికీ పద్యనాటకం లేకపోతే పండగ జరిగినట్టే కాదు. మాస్టారు రాయబారం నాటకాల్లో కృష్ణుడు. పగలు చేతిలో డస్టరు, రాత్రి తల మీద కిరీటం. మొహానికి పూసిన రంగు చెవుల వెనక పూర్తిగా పోకుండానే మర్నాడు ఫస్ట్ పీరియడ్‌కి వచ్చేసేవారు. మేం చూసి నవ్వుకునేవాళ్ళం. ఆయనకి తెలుసు, పట్టించుకునేవారు కాదు.

ఆ పిచ్చి లెక్కల్లోకి ఎలా వచ్చేదో ఒకటి చెప్తాను. గుణశ్రేఢి పాఠం మొదలుపెట్టి, పుస్తకం మూసేసి, "తెలుగు క్లాసులో గణాలు చదివారు కదా, మూడక్షరాల గణాలు ఎనిమిదే ఎందుకున్నాయిరా?" అన్నారు. య, మ, త, ర, జ, భ, న, స అని అందరికీ నోటికి వచ్చు. ఎనిమిదే ఎందుకో ఎవరికీ తెలీదు. ఒక్కో చోట గురువైనా ఉండాలి, లఘువైనా ఉండాలి. మూడు చోట్లు. రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది. అక్కడితో ఆగలేదు. ఉత్పలమాలలో పాదానికి ఇరవై అక్షరాలు కదా, అడ్డూ అదుపూ లేకుండా గురులఘువులు పేర్చుకుంటూ పోతే ఎన్ని రకాల పాదాలొస్తాయో కట్టమన్నారు. బోర్డు నిండా రెట్టింపు చేసుకుంటూ పోతే 10,48,576 తేలింది. "ఇన్నింటిలో ఉత్పలమాలకి పనికొచ్చేది ఒక్కటే, అది కూడా యతిప్రాసలు చూసుకుంటూ రాయాలి" అని ఓ పద్యం ఎత్తుకున్నారు. పక్క క్లాసులోంచి తెలుగు మాస్టారు వచ్చి "మా గణాలు మాకొదిలేయండి బాబూ" అని విసుక్కుని వెళ్ళారు. ఆ రోజు నుంచీ ఘాతాలంటే నాకు భయం లేదు.

ఇక అసలు సంగతి. రిహార్సల్స్ రామాలయం పందిట్లో జరిగేవి. రాత్రి అన్నాలు తిన్నాక మేం అక్కడ చేరేవాళ్ళం. హార్మోనిస్టు మా ఊరి టైలరే. మా యూనిఫారాలు కుట్టింది ఆయనే. చదువు ఐదో తరగతి. మిషను మీద కూచుంటే మాస్టార్ని చూడగానే లేచి నిలబడే మనిషి, హార్మోనియం ముందు కూచుంటే మాత్రం మాస్టారే ఆయన్ని "గురువుగారూ" అనేవారు.

ఒక రాత్రి మాస్టారు పద్యం అందుకున్నారు. మూడో పాదం చివర రాగం పైకి తీసే చోట గొంతు జారింది. హార్మోనియం ఆగిపోయింది. "శృతి తప్పింది మాస్టారూ, మళ్ళీ రండి." మళ్ళీ అక్కడే జారింది. మళ్ళీ ఆగింది. మా వెన్నులో చలి. మమ్మల్ని గోడకుర్చీ వేయించే మనిషిని, మా కళ్ళ ముందు, మాకు నిక్కర్లు కుట్టే ఆయన ఆపుతున్నాడు! మాస్టారికి కోపం వస్తుందనుకున్నాం. ఆయన కండువాతో మొహం తుడుచుకుని, "ఎక్కడ పోతోందో పట్టు దొరకట్లేదు గురువుగారూ, ఒక్కసారి మీరు అని చూపించండి" అన్నారు. టైలరు గారు అన్నారు. ఈయన నెమ్మదిగా, గొంతు తగ్గించి, వెనకే అన్నారు. ఈసారీ కుదరలేదు. దుర్యోధనుడి పాత్ర వేసే సొసైటీ గుమాస్తా గారు కిసుక్కున నవ్వారు. హార్మోనిస్టు ఆయన వైపు తిరిగి, "అయితే ఇప్పుడు మీ పద్యం అందుకోండి, విందాం" అన్నారు. దుర్యోధనుడికి వెంటనే బీడీ గుర్తొచ్చి పందిరి బయటికి వెళ్ళిపోయాడు.

మాస్టారి క్లాసులో ఒక రూలు ఉండేది. బోర్డు దగ్గర ఎవరైనా తప్పు చేస్తే నవ్వకూడదు, నవ్వినవాడిదే తర్వాతి వంతు. పైథాగరస్ సిద్ధాంతం నిరూపిస్తూ మధ్యలో ఆగిపోయిన అమ్మాయిని ఆయన ఎప్పుడూ "కూర్చో" అనలేదు. "ఏం ఫర్లేదమ్మా, మళ్ళీ దత్తాంశం నుంచి రా" అనేవారు. దత్తాంశం, సారాంశం, నిర్మాణం, ఉపపత్తి, అన్నీ పైకి చదవాల్సిందే. ఈ పద్ధతి ఆయనకి బీఈడీ కాలేజీలో వచ్చింది కాదు, ఆ పందిట్లో వచ్చిందని నా గట్టి నమ్మకం. ఆధారం అడక్కండి. బీఈడీ చేసినవాళ్ళు మిగతా స్టాఫ్ అంతా ఉన్నారు, వాళ్ళ క్లాసుల్లో ఈ రూలు లేదు.

నేర్చుకుంటున్న పెద్దమనిషిని పిల్లలు చూడాలి, అంతే నేననేది. టీచర్ని మనం ఎప్పుడూ అన్నీ వచ్చేసిన మనిషిగానే చూస్తాం. ఆయనకి కూడా రానిదొకటి ఉందని, దాని కోసం పదిమందిలో సిగ్గుపడకుండా మళ్ళీ మొదటికొస్తున్నాడని కళ్ళారా చూస్తే పిల్లాడికి తన నలభై మార్కుల మీద బెంగ సగం తగ్గుతుంది.

"హాబీలుంటే పాఠాలు కుంటుపడవా" అనేవాళ్ళకి ఒకటే మాట. మా మాస్టారు పాడిన పద్యాలు రాసిన తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు బందరు హైస్కూల్లో తెలుగు పండితులు. అక్కడ ఆయన దగ్గర చదువుకున్న శిష్యుడు విశ్వనాథ సత్యనారాయణ. గిడుగు రామమూర్తి గారైతే 1880లో పర్లాకిమిడి స్కూల్లో చరిత్ర చెప్పడానికి చేరిన టీచరు. అక్కడి కొండల్లో గిరిజనులు మాట్లాడే సవర భాష నేర్చుకోమని ఆయనకి ఏ సర్క్యులరూ రాలేదు. ఆ భాష తెలిసినవాణ్ణి ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, కొండల్లో తిరిగారు, జ్వరమొస్తే వేసుకున్న క్వినైన్‌తో చెవుడు తెచ్చుకున్నారు, చివరికి ఆ భాషకి వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు. మనం ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, దండలు వేసేది ఈ టీచరు గారి ఫోటోకే.

ఇప్పటి టీచర్లను తిట్టడానికి నాకు నోరు రాదు. యాప్‌లో మధ్యాహ్న భోజనం ఫోటో, ముఖం చూపించి హాజరు, 2024 దాకా అయితే మరుగుదొడ్డి ఫోటో కూడా, ఇవయ్యాక ఎలక్షన్ డ్యూటీ. ఇక హార్మోనియం ఎక్కడ ముట్టుకుంటారు? ప్రైవేటు స్కూళ్ళ సంగతి సరేసరి, ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్, రాత్రి దాకా స్టడీ అవర్లు. మొన్న పేరెంట్స్ మీటింగులో మా వాడి లెక్కల మేడమ్‌ని "ఈ మధ్య ఏదైనా కొత్తగా నేర్చుకుంటున్నారా అమ్మా" అని అడిగాను. "ట్రైనింగ్ గురించా సార్?" అన్నారు భయంగా. వీణ అనో, ఈత అనో, కనీసం కారు డ్రైవింగ్ అనో అంటారని ఆశపడ్డాను.

ఈ ప్రశ్న కింద ఒకాయన "టీచర్లందరికీ హాబీ తప్పనిసరి చేయాలి" అని కామెంట్ పెట్టారు. అయ్యా, ఆ మాట పైవాళ్ళ చెవిన పడనివ్వకండి. రేపటి నుంచి దానికీ ఒక యాప్ వస్తుంది. హార్మోనియం పక్కన నిలబడి ఫోటో తీసి పొద్దున్న పదిలోపు ఎక్కించాలి, లేకపోతే మెమో.