పీహెచ్‌డీ ఐదో ఏడాది, మానేయాలనిపిస్తోంది. ఇంట్లో సపోర్ట్ లేకుండా నెట్టుకురాగలమా?

నేను నెట్టుకొచ్చాను. అసలు ఇంట్లోవాళ్ల సపోర్ట్ గురించి జనం మరీ ఎక్కువ చెబుతారు. మావాళ్లు చెడ్డవాళ్లేం కాదు, కానీ ప్రతి పండక్కీ "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అనేవాళ్లు. ఆ ఒక్క ప్రశ్న మానేసినా నాకు ఏడాది కలిసొచ్చేది.

నాది హైదరాబాద్‌లో, జానపద సాహిత్యం. నాలుగో ఏడాదిలో నాన్‌నెట్ ఫెలోషిప్ (నెట్ పరీక్ష పాసవకుండా పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చేది) 8,000 కూడా ఐదు నెలలుగా పడలేదు. గైడ్ గారు రెండో అధ్యాయాన్ని మూడోసారి తిప్పి పంపారు. ఇక చాలనుకుని, రిజిస్ట్రేషన్ రద్దు చేయమని కాగితం రాసుకుని గేటు బయట డీటీపీ షాపుకి వెళ్లాను. నా థీసిస్ కొడుతున్నది ఆ అన్నే. కాగితం చదివి కీబోర్డు కింద పెట్టేశాడు.

"ఇది నేను కొట్ట మేడం. ముందు పాత బాకీ 2,300 కట్టుండ్రి." కాసేపాగి, స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే, "అయినా ఆ దంపుడు పాటల పెద్దకోడలు ఏమైందో చెప్పకుండనే పోతరా?" అన్నాడు.

నా థీసిస్ చదివిన మొదటి పాఠకుడు ఆయనే. గైడ్ గారు ఫుట్‌నోట్లు చదివేవారు, ఈయన పాటలు చదివాడు. మిగతా పేజీలు తెస్తానని చెప్పి వచ్చేశాను. ఆ తర్వాత ప్రతి శనివారం ఫోన్, "పేజీలు రాలేదేంది మేడం?" అని.

చివర్లో ఇంకో గోల. కొట్టిందంతా అను ఫాంట్లలో, అంటే యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో. యూనికోడ్‌లోకి మారిస్తే వత్తులన్నీ చెల్లాచెదురు. హాస్టల్లో ఇద్దరు జూనియర్లు నాతోపాటు పదిహేను రాత్రులు కూర్చుని సరిచేశారు. వాళ్లకి నేనిచ్చింది టీ, ఉస్మానియా బిస్కెట్లు.

డబ్బు సంగతి ఎవరూ మాట్లాడరు. నెట్‌తో వచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్‌ని 2023 జనవరి నుంచి నెలకు 37,000 చేశారు, సంతోషం. నాన్‌నెట్ వాళ్లని మాత్రం 8,000 దగ్గరే వదిలేశారు. మెస్ బిల్లు ఇద్దరికీ ఒకటే! ఇది వదిలేసి పట్టుదల మీద వర్క్‌షాపులు పెడతారు.

మీరు 2022 యూజీసీ నిబంధనల కిందికి వస్తే ఆరేళ్ల గడువుంది, రీ-రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్ల వరకు ఇస్తారు. మహిళలకు ఆ పైన ఇంకో రెండేళ్ల సడలింపు ఉంది. కాబట్టి ఈ నెల్లోనే తేల్చేయకండి. మీ పేజీలు అడిగే మనిషి ఒక్కరున్నారేమో చూసుకోండి, డిపార్ట్‌మెంట్లోనే ఉండక్కర్లేదు.

అన్నట్టు, పెద్దకోడలు చివరికి పుట్టింటికి వెళ్లిపోతుంది. అన్నకి అది నచ్చలేదు.