పాత బుల్లెట్‌కి రేజ్ ఇవ్వగానే దగ్గి ఆగినట్టయి తర్వాత లాగుతోంది, కార్బరేటర్ మార్చాలా?

మీరు రాసింది చూస్తే నా బండి గురించే రాశారేమో అనిపించింది. పాయింట్లున్న (ప్లగ్‌కి స్పార్క్ రావడానికి కరెంటు తెంపే చిన్న స్విచ్చి లాంటివి) పాత 350 బుల్లెట్, ఒకటో రెండో కిక్కులకే స్టార్టు, ఐడ్లింగ్ గడియారంలా కొడుతుంది, కానీ సిగ్నల్ దగ్గర రేజ్ ఇస్తే మాత్రం ఒక్క క్షణం దగ్గి, చచ్చిపోతున్నట్టయి, అప్పుడు లేస్తుంది, మెకానిక్ కార్బరేటర్ పోయింది అన్నాడు, మీరు కొత్తది కొనేశారు కూడా. ఇంకా బిగించలేదు కదా? అయితే ఆగండి.

నాది 1994 బండి, నాన్నగారిది. మూడేళ్ళ కిందట విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర గ్రీన్ పడగానే క్లచ్ వదిలి రేజ్ ఇస్తే గుటుక్కుమని మింగేసి ఆగిపోయింది, వెనక లారీవాడు హారన్ కాదు, దీవెనలు మొదలెట్టాడు. అప్పట్నించి వారంలో రెండుమూడు సార్లు ఇదే తంతు. మా ఇంటి దగ్గర మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే కార్బరేటర్ విప్పి కడిగాడు, తగ్గలేదు, కిట్ మార్చాడు, తగ్గలేదు, చివరికి పెట్రోల్ ఎంత రావాలో చూసే సూది, అదే నీడిల్, రెండు గాట్లు పైకి లేపాడు, అప్పుడు కాస్త తగ్గినట్టనిపించింది. కాకపోతే లీటరుకి 35 ఇచ్చే బండి 22కి పడింది, ప్లగ్ విప్పితే మసిబొగ్గు. అంటే రోగం అక్కడే ఉంది, దాని మీద పెట్రోల్ పోసి కప్పెట్టాం అంతే.

తర్వాత ఎవరో చెప్తే ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళా. ఆయన కార్బరేటర్ వైపు చూడను కూడా చూళ్ళేదు. పాయింట్స్ కవర్ విప్పి, మధ్యలో పాయింట్లని తెరిచే క్యామ్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని తిప్పి వదిలాడు. అది తిరిగిన చోటే ఉండిపోయింది. "చూశావా అబ్బాయ్, ఇది టప్పున వెనక్కి రావాలి, నీది నిద్రపోతంది. కార్బరేటర్ జోలికి పోమాక" అన్నాడు.

విషయం ఏంటంటే ఆ క్యామ్ వెనకాల ఆటో అడ్వాన్స్ అని ఉంటది, రెండు చిన్న బరువులు, రెండు స్ప్రింగులు. ఇంజన్ స్పీడ్ పెరిగేకొద్దీ బరువులు బయటికి విచ్చుకుని స్పార్కుని ముందుకి జరుపుతాయి, ఎందుకంటే పెట్రోల్ మండటానికి పట్టే టైము దాదాపు అంతే ఉంటుంది గానీ పిస్టన్ మాత్రం ఆగదుగా, స్పీడ్‌లో స్పార్క్ ముందే పడాలి. నా బండిలో ఆ బరువులు సగం విచ్చుకుని బిగుసుకుపోయాయి, ఆ పొజిషన్‌లోనే టైమింగ్ (స్పార్క్ పడే సమయం) పెట్టారు. కాబట్టి ఐడ్లింగ్‌లో స్పార్క్ కరెక్టుగా పడుతోంది, రేజ్ ఇచ్చినా అక్కడే పడుతోంది. ఐడ్లింగ్ బావుంది కాబట్టి టైమింగ్ బానే ఉందనుకుని అందరం కార్బరేటర్ మీద పడ్డాం. బిగుసుకోడానికి కారణం ఎవరనుకున్నారు, నేనే. అంతకుముందు ఏడాది పాయింట్లు మార్చినప్పుడు ఇంట్లో ఉన్న డబ్బాలోంచి చాసిస్ గ్రీజు వేలితో తీసి దట్టంగా పూశా, అది రోహిణి కార్తె ఎండలకి ఎండి జిగురైపోయింది. అక్కడ రెండు చుక్కలు పల్చటి ఆయిల్ చాలు.

సరే మీరేం చెయ్యాలంటే, ముందు ఆ క్యామ్ తిప్పి చూడండి. బిగుసుకుని ఉంటే విప్పి కిరసనాయిల్‌తో కడిగి ఆయిల్ వెయ్యండి. తర్వాత పాయింట్ల గ్యాపు, సన్నటి కొలత రేకులుండే ఫీలర్ గేజ్‌తో 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గ్యాపు ముందు, టైమింగ్ తర్వాత, ఈ వరస మార్చొద్దు, ఎందుకంటే గ్యాపు మారితే టైమింగ్ కూడా మారుద్ది. క్యామ్ మీద రాసుకునే పాయింట్ల ఫైబర్ మడమ అరిగేకొద్దీ గ్యాపు తగ్గి టైమింగ్ దానంతటదే లేటవుతుంది, బండి రోజురోజుకీ మొద్దుబారుతుంది, మనకి తెలీదు. పాయింట్లు నల్లగా కాలిపోయి ఉంటే, రేజ్ ఇచ్చినప్పుడు వాటి మధ్య పెద్ద నిప్పురవ్వలు కనిపిస్తే ఆ రవ్వల్ని ఆపాల్సిన కండెన్సర్ కూడా మార్చెయ్యండి.

టైమింగ్‌కి ఏ మెషినూ అక్కర్లేదు, హెడ్‌లైట్ పక్కన బ్యాటరీ కరెంటు చూపించే మీటరు (అమ్మీటర్) ముల్లు చాలు. సెంటర్ స్టాండ్ వేసి, ప్లగ్ తీసి, టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పండి. ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు పెడితే గాలి తోస్తది, అదే కంప్రెషన్. అప్పుడు సన్నటి పుల్ల లోపలికి దింపి పిస్టన్ పైకి పూర్తిగా వచ్చిన చోటు గుర్తుపెట్టుకోండి. ఇగ్నిషన్ ఆన్ చేసి, కాస్త బాగా వెనక్కి తిప్పి మళ్ళీ మెల్లగా ముందుకి తీసుకురండి, మైనస్ వైపు ఉన్న ముల్లు మధ్యకి వచ్చిందంటే పాయింట్లు విడినట్టు. అది పిస్టన్ పైకి రావడానికి 0.8 మిల్లీమీటర్ ముందు జరగాలి, బరువులు పూర్తిగా మూసుకుని ఉన్నప్పటి లెక్క ఇది. తేడా ఉంటే పాయింట్లు బిగించిన బేస్ ప్లేట్ స్క్రూలు లూజు చేసి వెంట్రుకవాసి తిప్పడమే. ప్లగ్ రంధ్రం ఏటవాలు కాబట్టి పుల్లతో కొలత అచ్చంగా రాదు, నేను మొదటిసారి కాస్త ఎక్కువ ముందుకి పెట్టేసరికి కిక్ ఎదురుతన్ని మూడు రోజులు కుంటుకుంటూ ఆఫీసుకెళ్ళా. ఎత్తెక్కేటప్పుడు ఇంజన్‌లో కటకటమంటే కూడా అడ్వాన్స్ ఎక్కువైనట్టే.

ఇదంతా అయ్యాక కూడా దగ్గితే అప్పుడు కార్బరేటర్. చోక్ కొంచెం వేసి నడిపి చూడండి, దగ్గు తగ్గితే పెట్రోల్ చాలట్లేదు, ఎక్కువైతే పెట్రోల్ ఎక్కువైంది. చాలకపోతే జెట్ల (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) దాకా వెళ్ళేముందు కార్బరేటర్‌కీ హెడ్‌కీ మధ్య జాయింట్ దగ్గర గాలి లాగుతోందేమో చూడండి, నురగనీళ్ళు చల్లితే శబ్దం మారుతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత సెట్టింగ్ కాస్త తక్కువ పడొచ్చు, నేను నీడిల్ ఒక్క గాటు లేపి ఉంచా. ఐడ్లింగ్‌లో గాలి పాళ్ళు సర్దే ఎయిర్ స్క్రూ అయితే ఇంజన్ బాగా వేడెక్కాక మెల్లగా లోపలికి బిగించి ఒకటిన్నర తిప్పు బయటికి తియ్యండి, అక్కణ్ణించి అటూ ఇటూ పావు పావు తిప్పుతూ ఐడ్లింగ్ ఎక్కడ బాగా పెరిగితే అక్కడ వదిలెయ్యండి. లోపలికి తిప్పితే పెట్రోల్ ఎక్కువ, బయటికైతే గాలి ఎక్కువ, చాలామంది దీన్ని తిరగేసి చెప్తారు.

ఇంకోటి, స్టాండ్ మీద రేజ్ చేసి చూసుకుని మురిసిపోవద్దు, లోడ్ మీదే అసలు సంగతి తెలుస్తది. నేను గ్రిప్ మీద నల్ల టేపు చుట్టి పావు, సగం, ముప్పావు అని గీతలు పెట్టుకున్నా. పొద్దున్నే ప్రకాశం బ్యారేజీ మీద ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోతే పావులోపు సంగతి, అంటే స్లో జెట్, ఎయిర్ స్క్రూ తెలిసిపోతాయి, అటు దాటి ఉండవల్లి వైపు ఖాళీ రోడ్డు దొరికితే సగం దగ్గర నీడిల్, పూర్తిగా తిప్పితే మెయిన్ జెట్. ఏ గీత దగ్గర దగ్గిందో అదే మార్చండి, అన్నీ ఒకేసారి కెలికితే ఏది బాగు చేసిందో మీకే తెలీదు.

నా బండికి మొత్తం అయిన ఖర్చు పాయింట్లు, కండెన్సర్, పెద్దాయనకి ఇచ్చిన కూలీ. అంతకుముందు కార్బరేటర్ కిట్‌కి పెట్టింది దీనికి రెండింతలు. మీరు క్యామ్ వేలితో తిప్పి చూసేదాకా ఆ కొత్త కార్బరేటర్ అట్టపెట్టె సీలు మాత్రం చింపకండి, చింపితే షాపువాడు వెనక్కి తీసుకోడు.